సుబ్బారావు తెగులు

మొక్కకి నీళ్ళు పోయలేదని నన్ను పనిలోంచి తీసేశారు. పోయకూడని రోజుల్లో పోసినవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మొక్క చచ్చింది తడివల్ల. ఏలూరులో సగంమంది చెప్పుకున్నది మాత్రం, మస్తాన్ దాన్ని ఎండగట్టి చంపాడని. ఇది అన్యాయం. ఇన్నేళ్ళు గడిచినా అన్యాయమే.

ఈ ముక్క ముందు రాసేస్తే గాని మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. ఇక నిదానంగా చెబుతాను.

నా పని

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఇళ్ళల్లో, క్లినిక్కుల్లో, లాడ్జీల్లో ఉండే కుండీల మొక్కలు చూసుకోవడం నా వృత్తి. నర్సరీ నడపడం వేరు, ఇది వేరు. నర్సరీవాళ్ళ బాధ్యత మొక్క ఆటో ఎక్కేదాకానే. ఆటో దిగిన దగ్గర్నుంచి నాది. అది బతికితే ఇంటివాళ్ళ చెయ్యి మంచిదంటారు, పోతే నా చెయ్యి చెడ్డదంటారు. ఈ పనిలోకి రాదలచినవాళ్ళు ఈ లెక్కకి ముందే ఒప్పుకుని రావాలి.

సైకిలుకి ఒక పక్క ఇసుక సంచీ, ఇంకో పక్క ఇటుక ముక్కల సంచీ, హ్యాండిలుకి బొగ్గుల మూట కట్టుకుని తిరిగేవాణ్ణి. దారిలో ఎవరో ఒకరు ఆపేవారు.

"ఇల్లు ఎక్కడ కడుతున్నారండీ మస్తాన్ గారూ?"

"డాబా మీదండీ, కుండీలో."

నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పాత పుస్తకాల కొట్లో తోటపని మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికితే, సగం బొమ్మలు చూసి, సగం మా వీధి కాంపౌండరు గారిని విసిగించి చదువుకున్నాను. అది రాసినాయన చలిదేశం మనిషి. మంచు పడకముందే కుండీలు లోపలికి తెచ్చుకోమని ప్రతి రెండు పేజీలకీ చెప్పాడు. ఏలూరులో మంచు ఎప్పుడు పడుతుందా అని నేను ఎదురుచూడలేదు. ఆయన మంచు అన్నచోటల్లా పెన్సిలుతో వాన అని రాసుకున్నాను. తొంభై పాళ్ళు సరిపోయింది. మిగిలిన పది పాళ్ళు మొక్కల ప్రాణాలతో నేర్చుకున్నాను. ఎవరైనా అలాగే నేర్చుకుంటారు, పైకి చెప్పరు.

గణపతి గారి దగ్గర

మొదట కొన్నాళ్ళు తాడేపల్లిగూడెంలో గణపతి గారి నర్సరీలో చేశాను. ఆయన నోటితో అబద్ధం ఆడేవారు కాదు. అబద్ధాన్ని కొనేవాళ్ళ చేతే ఆడించేవారు.

"ఇది ఏడాదంతా పూస్తుందాండీ?" అని కొనేవాళ్ళు అడిగేవారు.

"మీ చేతిని బట్టి ఉంటుందండీ," అనేవారు గణపతి గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

తన చెయ్యి బాగోదని ఎవరు ఒప్పుకుంటారు? కొని పట్టుకుపోయేవారు. మొక్క పోయాక తిరిగొచ్చి అడగడానికి మొహం చెల్లేది కాదు. అడిగితే, తమ చెయ్యి మంచిది కాదని తామే ఒప్పుకున్నట్టు. ఇంత తెలివైన వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు. మంచివారే, పస్తున్న రోజు అన్నం పెట్టారు. కాని పూలతో ఉన్న మొక్కని అమ్మేటప్పుడు, ఈ పూలు రాలాక ఇది ఏం కోరుతుందో చెప్పకపోవడం తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ చెప్పని మాట ఇంటింటికీ వెళ్ళి చెప్పడమే చివరికి నా జీవనాధారం అయింది. ఆ లెక్కన గణపతి గారికి రుణపడి ఉన్నాను.

గంప కింద పూలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరు పక్కన వట్లూరు వైపు కొత్త ఇళ్ళు లేస్తున్న రోజుల్లో సుబ్బారావు గారి ఇల్లు నాకు వచ్చింది. ఆయనకి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉంది. నెమ్మదైన మనిషి, ఎవర్నీ గట్టిగా ఒక మాట అనరు. ఇంట్లో ఆయన, భార్య పద్మ గారు, తల్లి మహాలక్ష్మమ్మ గారు. సుబ్బారావు గారి తండ్రి అంతకు ముందు ఏడే పోయారు. పెద్దావిడ అప్పట్నుంచీ మాట తగ్గించేశారని పద్మ గారు మొదటి రోజే నా చెవిన వేశారు. నాతో మాత్రం ఆవిడ దెబ్బలాటకి బాగానే దిగేవారు.

అక్కడ నా మొదటి కేసు కలాంచో. మందపాటి ఆకులు, గుత్తులుగా ఎర్రటి చిన్న పూలు, అరచేతిలో పట్టేంత మొక్క. చలికాలంలో పూలతో కొన్నారు. మరుసటి చలికాలానికి అది ఆకులేసింది, మళ్ళీ ఆకులేసింది, మొగ్గ వెయ్యలేదు. ఎరువు వెయ్యమన్నవాళ్ళు వేయించారు, దిష్టి తియ్యమన్నవాళ్ళు తీయించారు.

నేను చూడగానే తల పైకెత్తాను. మొక్క మీద వరండా ట్యూబులైటు. ఇంట్లో అందరూ టీవీ చూసి పడుకునేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. ఈ మొక్కకి పగలు పొట్టిగా, చీకటి పొడుగ్గా అనిపిస్తేనే చలికాలం వచ్చిందని నమ్మి మొగ్గ వేస్తుంది. ట్యూబులైటు కింద దానికి ఎప్పుడూ ఎండాకాలమే.

సందు చివర ఇంట్లో కోళ్ళగంప అడిగి తెచ్చి, దానికి నల్లగుడ్డ చుట్టి, పొద్దు వాలగానే మొక్క మీద బోర్లించమన్నాను. పొద్దున ఎండెక్కాక తియ్యమన్నాను. మహాలక్ష్మమ్మ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశారు.

"మస్తానూ, పెట్ట ఏదీ?"

"పెట్ట లేదమ్మా, మొక్కే."

"మొక్కని పొదిగేస్తావా?"

"మీరే చూస్తారు కదమ్మా."

"చూస్తాన్లే. పిల్లలు లేస్తే ఒకటి నాకివ్వు."

కొన్ని వారాల తర్వాత గంప ఎత్తేసరికి ఆకుల మధ్య పచ్చటి మొగ్గలు కనిపించాయి. సంక్రాంతి దాటాక కూడా ఆ ఎరుపు నిలబడింది. వాడిన గుత్తి తుంచేస్తూ ఉండాలి, కుండీలో తడి ఆరాకే మళ్ళీ పొయ్యాలి, అంతకు మించి దానికి సేవ లేదు. పెద్దావిడ మాత్రం వచ్చినవాళ్ళందరికీ, "మా మస్తాను పూలని పొదిగించాడు," అని చెప్పారు. ఆ ఒక్క మాటతో వట్లూరులో నాకు ఇంకో అయిదారు ఇళ్ళు వచ్చాయి. అదే నోటి మాటతో తర్వాత పోయాయి కూడా.

పెద్దాయన

ఆ వేసవి ముందు సుబ్బారావు గారు కడియం నర్సరీల వైపు వెళ్ళి ఒక అడీనియం తెచ్చారు. ఎడారి గులాబీ అంటారు. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ తెచ్చారు. దించేటప్పుడు ఇల్లంతా బయటికొచ్చింది.

దాని అందం పూలల్లో సగమే. మిగతా సగం కాండం మొదట్లో ఉంటుంది. నీళ్ళన్నీ అక్కడే దాచుకుంటుంది కాబట్టి కుండీ మీద బొజ్జలా ఉబ్బి కూర్చుంటుంది. ఈ మొక్కకి మరీ పెద్ద బొజ్జ, దాని కింద మడిచిన మోకాళ్ళలా రెండు లావుపాటి వేర్లు, పైన వెనక్కి వాలినట్టు కొమ్మ. మహాలక్ష్మమ్మ గారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏరా సుబ్బూ, అచ్చం మీ నాన్న భోంచేసి కూర్చున్నట్టు లేదూ?"

సుబ్బారావు గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో దాన్ని పెద్దాయన అన్నారు. పెద్దాయనకి ఎండ తగిలిందా, పెద్దాయన మొగ్గేశాడా అని అడిగేవారు. ఆవిడ కుర్చీ కూడా వరండాలో ఆ పక్కకి మారింది.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. కాలవ కింద పుట్టిన చెయ్యి ఖాళీగా ఊరుకోదు. మన దగ్గర ప్రేమంటే తడి. మనిషి గుమ్మంలోకి రాగానే కాళ్ళకి నీళ్ళు, నోటికి నీళ్ళు. వరిచేలో నీళ్ళు నిలబడితే ఇంటాయన మొహం తేటపడుతుంది. వేసవిలో కాలవలు కట్టేస్తే బిందెలు, గంగాళాలు నింపి పెట్టుకుని, ఆ నీళ్ళే ఇంకొకరికి పోస్తే పుణ్యమనుకుంటారు. ఇలాంటి చోట, నీళ్ళు పొయ్యొద్దని చెప్పడం నా ఉద్యోగం. అన్నం పెట్టొద్దని చెప్పినట్టు చూసేవారు.

ఒక క్లినిక్కులో నా అడీనియం ఒకటి డాక్టరు గారి గది బయట ఉండేది. రోగులు మాత్ర వేసుకుని గ్లాసులో మిగిలినవి దాని మొదట్లో పోసేవారు. ఊళ్ళో జ్వరాలు ఎక్కువైనప్పుడల్లా మొక్కకి జబ్బు చేసేది. ఒక లాడ్జీలో టీ గ్లాసులు కడిగినవి పోసేవారు. కొల్లేటి వైపు చేపల చెరువులున్న ఒకాయన ఇంట్లో, చేపలు కడిగిన నీళ్ళు బలమని పోశారు. బలం సంగతి ఏమో గాని ఊళ్ళో పిల్లులన్నీ ఆ కుండీ చుట్టూ కాపురం పెట్టాయి.

అందుకని అడీనియం గురించి నేను చెప్పేది ఇది. ముందు మన నల్లమట్టిని మర్చిపోండి. అది తడిస్తే బురద, ఎండితే ఇటుక. లావు ఇసుక, చితక్కొట్టిన ఇటుక, బొగ్గు ముక్కలు, గుప్పెడు చివికిన పశువుల ఎరువు కలపండి. నీళ్ళు పోసిన మరుక్షణం అడుగు నుంచి కారిపోవాలి. సగం పూట సూటిగా ఎండ తగలాలి, నీడలో ఆకులే తప్ప పూలుండవు. వేలు పెట్టి చూడటం కన్నా కుండీ ఎత్తి చూడటం మేలు, తేలిగ్గా ఉంటేనే పొయ్యాలి. బొజ్జ కొంచెం ముడతపడి వదులైతే దాహం, నీళ్ళు తాగితే రెండు మూడు రోజుల్లో బిగుస్తుంది. నొక్కిన వేలు లోపలికి దిగిపోయి, ఆ గుంట అలాగే ఉండిపోతే దాహం కాదు, కుళ్ళు. వానాకాలంలో చూరు కిందికి జరపండి. కొమ్మ కోస్తే పాలు కారతాయి, అవి విషం. చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇంట్లో ఎవరికి జాలి ఎక్కువో కనిపెట్టడం మాత్రం మొదటి రోజే చెయ్యాలి. దానికి పుస్తకం లేదు.

వరండాలో సభ

మరుసటి ఏడు చలి వెళ్ళాక, ఎండలు ముదరకముందు పెద్దాయనకి కుండీ మార్చాను. కొమ్మలు కత్తిరించాను. సన్న వేర్లు కోసి, కోతలకి బొగ్గుపొడి అద్ది, నీడన నాలుగు రోజులు ఆరబెట్టాను. తర్వాత బొజ్జ ఇంకాస్త పైకి కనిపించేలా ఎత్తి నాటాను. ఏడాదికోసారి ఇలా ఎత్తి నాటితేనే ఆ రూపం తేలుతుంది. కోతలు మానేదాకా, అంటే వారం పది రోజులు, దానికి తడి తగలకూడదు. తగిలితే కోత నోటి నుంచి కుళ్ళు లోపలికి పోతుంది.

నాకు అత్తిలిలో ఒక పెద్ద ఇంటి పని ఒప్పుకుని ఉంది, అన్ని రోజులూ అక్కడే ఉండాలి. అందుకని వెళ్ళేముందు అందర్నీ వరండాలోకి పిలిచి చెప్పాను.

"నేనొచ్చేదాకా నీళ్ళు పొయ్యొద్దండీ."

"చుక్క కూడానా అండీ?" అన్నారు పద్మ గారు.

"చుక్క కూడానండీ."

"పోనీ, పైన చిలకరిస్తే?"

"చిలకరించకూడదండీ."

"దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిస్తే?"

"దుమ్మే ఉండనివ్వండి."

మహాలక్ష్మమ్మ గారు బోడిగా నిలబడ్డ మొక్కని చూశారు, నన్ను చూశారు.

"ఆయన్ని ఎండలో కూర్చోబెట్టి పస్తు పెడతావా మస్తానూ?"

"కోత పడిందమ్మా. ఆపరేషనయినవాళ్ళకి డాక్టరు గారు నీళ్ళు ఇవ్వొద్దంటారు చూడండి, అలాగే."

"దూది తడిపి పెదాలకి అద్దమంటారు కదా."

"దీనికి పెదాలు లేవమ్మా."

"ఉన్నాయో లేదో నీకేం తెలుసు," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

నాకు నమ్మకం చాలలేదు. ఒక అట్టముక్క మీద 'నీళ్ళు పోయరాదు' అని రాసి కుండీకి గుచ్చాను. సుబ్బారావు గారు అది చూసి, "మా మిల్లులో పొగ త్రాగరాదు బోర్డు ఉందండీ, దాని కిందే అందరూ కాలుస్తారు," అన్నారు. నవ్వుకుంటూ సైకిలెక్కాను. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే ఆఖరు.

అత్తిలి నుంచి వచ్చాక

తిరిగొచ్చేసరికి పెద్దాయన ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. నొక్కితే వేలు దిగిపోయింది. కుండీ బోర్లించి చూస్తే వేర్లు జావ. కుళ్ళిన భాగం కోసి, తెల్లటి కండ తగిలినచోట ఆపి, ఆరబెట్టి మళ్ళీ నాటితే కొన్ని బతుకుతాయి. కత్తి పెట్టి కోస్తూ పోయాను. పొరలు పొరలుగా కోశాను. గోధుమరంగే తప్ప తెలుపు తగలలేదు. కొమ్మ మొదలు దాకా వచ్చాక కత్తి కింద పెట్టేశాను.

"నీళ్ళు ఎవరు పోశారండీ?" అన్నాను.

"దేవుడి మీద ఒట్టు, నేను పొయ్యలేదండీ," అన్నారు పద్మ గారు.

"నేను నీళ్ళు ముట్టుకోలేదు మస్తానూ," అన్నారు మహాలక్ష్మమ్మ గారు. ఆవిడ నా వైపు చూడటం లేదు, కోసి పడేసిన ముక్కల వైపు చూస్తున్నారు.

సుబ్బారావు గారు మిల్లు నుంచి వచ్చారు. చెప్పులు విప్పకుండానే నిలబడి ఆ ముక్కలు చూశారు, తల్లిని చూశారు, చివర్న నన్ను చూశారు.

"ఎండలో పెట్టి నీళ్ళు ఆపేస్తే ఏ మొక్కైనా ఏం బతుకుతుందండీ మస్తాన్ గారూ," అన్నారు.

"ఎండితే ఇలా ఉండదండీ. చేత్తో పట్టుకుని చూడండి, తడి."

"రేపట్నుంచి మీరు రావద్దులెండి."

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే నేనూ పెంచేవాణ్ణి. మర్యాదగా అనేసరికి సంచులు సర్దుకుని వచ్చేశాను. చేతిలో ఇంకా ఆ తడి ఉంది.

మాట పాకడం

నెల తిరక్కుండా వట్లూరులో మిగతా ఇళ్ళు ఒక్కొక్కటే నన్ను మాన్పించాయి. గొడవేమీ లేదు. "ఈ నెల మేమే చూసుకుంటామండీ," అనేవారు. క్లినిక్కులో నర్సమ్మ మాత్రం దాచలేదు. "మీరు నీళ్ళు పొయ్యనివ్వరటండీ, మొక్కలు ఉసూరుమంటాయటండీ," అంది. ఆవిడ వెనకాలే ఒక పేషెంటు గ్లాసు వంచుతున్నాడు.

ఇంట్లో మా ఆవిడ కూడా వదల్లేదు. అన్నం పెట్టి, చెంబు పట్టుకుని నిలబడేది.

"ఏవండీ, మంచినీళ్ళు ఇమ్మంటారా, మొదలు కుళ్ళుతుందంటారా?"

నవ్వులాటకే అనేది. కాని నా వృత్తిలో నాకున్నది పేరొక్కటే. అది ఏ మొక్క దగ్గరైతే పోయిందో ఆ మొక్క దేనివల్ల చచ్చిందో, తీసేసినాయన నోటి నుంచే రావాలని పట్టుపట్టాను. తడివల్ల, అన్న ఒక్క మాట చాలు. మిల్లు గేటు దగ్గర నిలబడి అడిగాను. "ఇప్పుడెందుకులెండి," అన్నారు. గణపతి గారి చేత అడిగించాను. "పోయినదాని సంగతి ఎందుకులెండి," అన్నారట. తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్లో ఎదురుపడితే ప్లాట్‌ఫారం మీదే అడిగాను. రైలొచ్చిందని వెళ్ళిపోయారు. అది ఆయన ఎక్కవలసిన రైలు కాదు.

అప్పుడు నాకు తిక్క రేగింది.

అప్పటికి మళ్ళీ గణపతి గారి నర్సరీలోనే రోజు విడిచి రోజు కూర్చుంటున్నాను. అడీనియం కొన్న ప్రతివాళ్ళకీ జాగ్రత్తలు చెప్పి పంపడం నా పని. చెప్పేటప్పుడు, "ఎక్కువ పోస్తే దీనికి సుబ్బారావు తెగులు వస్తుందండీ," అనడం మొదలుపెట్టాను. గణపతి గారు విని ఉలిక్కిపడ్డారు.

"మనిషి పేరు పెడితే బాగుండదయ్యా."

"మొదలు కుళ్ళు అంటే ఆటో ఎక్కేలోపు మర్చిపోతున్నారండీ. ఇదైతే మర్చిపోరు."

నిజంగానే మర్చిపోలేదు. పక్క నర్సరీలవాళ్ళు అందుకున్నారు. భీమవరం నుంచి ఒకావిడ వచ్చి, "ఏవండీ, మా మొక్కకి సుబ్బారావు పట్టాడండీ, మందుందా?" అని అడిగింది. "మందు లేదమ్మా, దూరంగా ఉంచడమే," అన్నాను. ఆ ఏడు మా దగ్గర కొన్న మొక్కలు చాలావరకు బతికాయి. ఎంత మంచి మాటైనా జనానికి ఎక్కాలంటే దానికి ఒక మనిషి మొహం తగిలించాలి. కుర్రాళ్ళకి ఈ కిటుకు ఉచితంగా ఇస్తున్నాను. ఎవరి మొహం తగిలిస్తారన్నది మీ ఇష్టం, దాని పర్యవసానం కూడా మీదే.

జవాబు

మోకాళ్ళు సైకిలుకి ఒప్పుకోక నేను పని మానేశాక, ఒకరోజు మధ్యాహ్నం సుబ్బారావు గారు ఏలూరులో మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారు. జుట్టు బాగా నెరిసింది. మహాలక్ష్మమ్మ గారు పోయారని అంతకు ముందే విన్నాను. రమ్మన్నాను, కుర్చీ వేశాను. కాసేపు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు.

"మళ్ళీ ఒక అడీనియం కొందామని గణపతి గారి దగ్గరికి వెళ్ళానండీ," అన్నారు. "ఆయన కోడలు గారు ఉన్నారు. నీళ్ళెక్కువైతే సుబ్బారావు తెగులు వస్తుందని చెప్పారు. ఆ సుబ్బారావు ఎవరమ్మా అన్నాను. ఎవరో వట్లూరాయనటండీ, పాపం పోయాడేమో కూడా, అన్నారు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను నవ్వలేదు. క్షమించమని అడగలేదు. గేటు దగ్గరా ప్లాట్‌ఫారం మీదా అడిగిందే అడిగాను.

"ఆ మొక్క దేనివల్ల చచ్చిందండీ సుబ్బారావు గారూ?"

ఈసారి రైలేమీ రాలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"తడివల్లే చచ్చింది మస్తాన్ గారూ. నాకు ఆ రోజే తెలుసు. మీరు అత్తిలి వెళ్ళిన మర్నాటి నుంచీ మా అమ్మ పోసింది, నేను చూశాను. చూసి ఎందుకు ఆపలేదంటారా, ఆవిడ ఆ కుండీ పక్కన పీట వేసుక్కూర్చుని మాట్లాడుతోందండీ. మిల్లులో కొత్త మోటారు పెట్టిన సంగతి, మా వీధి రోడ్డు ఎత్తు చేసిన సంగతి, అన్నీ వరసగా చెబుతోంది. నాన్నగారు పోయాక మా అమ్మ అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. తీరా అది ఒరిగిపోయాక, ఎందుకు పోయాడురా అని నన్నే అడిగింది. నీవల్లేనమ్మా అని ఎలా చెప్పమంటారు? మీరు ఎదురుగా ఉన్నారు, మీ మీద పెట్టేశాను. తెగులుకి నా పేరు పెట్టుకున్నారు, ఉండనివ్వండి, మా అమ్మ పేరు పెట్టలేదు కదా. కాని ఇన్నేళ్ళుగా ఊరంతా నీళ్ళు, నీళ్ళు అని చెబుతున్నారు చూశారూ, ఆ ఒక్కటీ దిద్దుకోండి. మీరు నీళ్ళు పొయ్యొద్దన్నారు, మా అమ్మ మీ మాట దాటలేదు. మజ్జిగ పోసిందండీ. ఉప్పేసి, నిమ్మాకు నలిపి."